నోరు ఆడిస్తే చాలు

అమ్మా,

నీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి ఒళ్లు మండింది, మూడోసారి కాగితం తీశాను.

"మీ కాలేజీ రేడియోలో పొద్దున్నే బైబిలు చదివే ఆ అబ్బాయి ఎవరే? ఏం గొంతు! గుండెల్లోకి దిగిపోతుంది. అతని దగ్గర కూర్చుని కాస్త నేర్చుకో" అని రాశావు. నేర్చుకోవడానికేం లేదమ్మా. ఆ అబ్బాయి నేనే.

నువ్వు గుర్తుపట్టకపోవడంలో వింతేం లేదు. ఆ గొంతు నువ్వు విని తొమ్మిదేళ్లయింది. నాకు పన్నెండేళ్లప్పుడు, చర్చిలో నువ్వు నడిపే పాటల బృందంలో నన్ను వెనక వరసలోకి జరిపి చెవిలో చెప్పావు, "నువ్వు పాడకు తల్లీ, నోరు ఆడిస్తే చాలు" అని. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆడించాను. నేను ఫోనెత్తితే అవతలివాళ్లు "బాబూ, అమ్మని పిలువు" అంటున్నారని, "కాస్త సన్నగా మాట్లాడవే, పరువు పోతోంది" అన్నావు. సన్నగా మాట్లాడాను. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా నా అసలు గొంతు తీయడానికి సిగ్గుపడేదాన్ని. ఎంత ఏడ్చానో నీకు తెలీదు, ఏడుపు కూడా చప్పుడు లేకుండానే ఏడ్చాను.

గొంతు బాగుపడుతుందనే కదా, నన్ను ఈ ప్రసంగాల చదువులో, రేడియో చదువులో చేర్చావు? మొదటి రోజు, గోడలకి దుప్పట్లు కొట్టిన రికార్డింగు గదిలో నాలుగు వాక్యాలు చదివానో లేదో, మేమంతా మైకు మాస్టారని పిలిచే ఆయన అద్దం అవతల నుంచి ఆపేశారు. "ఎవరి గొంతమ్మా ఇది? అరువు తెచ్చుకున్నావా? నీది ఎక్కడ పెట్టావ్?" అన్నారు. అది బయటికి తీయడానికి నెల పట్టింది. తీశాక, ఉదయం ఆరింటికి రేడియోలో బైబిలు వాక్యం చదివే పని నాకే ఇచ్చారు.

ఇక్కడో ఆచారం ఉంది. వాక్యం చదివినవాళ్ల పేరు చెప్పరు. వినపడాల్సింది దేవుడి మాట, మనిషి కాదంటారు. బాగానే ఉంది. కానీ "ఆ సోదరుడికి వందనాలు" అంటూ శ్రోతల ఉత్తరాలు వస్తుంటే, ప్రిన్సిపాల్ గారు "అలాగే అనుకోనీ, మనకేం పోయింది" అన్నారు. నాకు పోయింది కదమ్మా! నా పేరు చెప్తానన్నాను. చెప్తే ఇంక మైకు ముందు కూర్చోనివ్వం అన్నారు.

సోమవారం చెప్తాను. ఎవరి కూతురినో కూడా చెప్తాను. ఈ పని పోతే పోనీ. నీ పరువు సంగతి నువ్వు చూసుకో. నేను మాత్రం ఇంక నోరు ఆడించను.

నీ,
అబ్బాయి కాని అమ్మాయి

*

నా బంగారు తల్లికి,

సోమవారం విన్నాను. బృందంలో వాళ్లందర్నీ తెల్లారేసరికే మనింటికి రమ్మని రేడియో చుట్టూ కూర్చోబెట్టాను. నీ పేరూ నా పేరూ చెప్పావో లేదో, టక్కున సంగీతం వేసేశారు. మంగళవారం ఎవరో కుర్రాడు చదివాడు, ముక్కుతో.

నువ్వు అడగనిది ఒకటి చెప్పాలి. నీ గొంతు బాగోలేదని ఆపలేదు. నిన్ను వెనక వరసలోకి జరిపిన ఆదివారానికి ముందు వారం ఒకావిడ నా దగ్గరికొచ్చి, "మీ అమ్మాయి పాడుతుంటే ఇంకెవరూ వినపడరండీ" అంది, మురిసిపోతూ. అప్పటిదాకా అక్కడ అందరికీ వినపడేది నేను. పరువనీ అదనీ తర్వాత కల్పించుకున్నాను. కన్నతల్లినై ఉండి నీ మీద అసూయపడ్డాను. రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

మీ ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం పంపాం. మాకు సోదరుడు వద్దు, ఆ అమ్మాయే కావాలని. పద్నాలుగు సంతకాలు, మొదటిది నాది. ఆయన వింటారో లేదో తెలీదు.

సెలవులకి వచ్చినప్పుడు ముందు వరసలో నిలబడు, నా పక్కనే. నా గొంతు వినపడకపోతే వినపడకపోనీ. నువ్వు పాడు.

మీ అమ్మ