మళ్ళీ రాసిన తాత కథ

స్టాంగర్, దక్షిణాఫ్రికా, 1996

రాధాకృష్ణ మాస్టారికి నమస్కారం.

ఆదివారం తెలుగు తరగతిలో 'మా తాత' వ్యాసాన్ని నాచేత మళ్ళీ మళ్ళీ రాయించింది మీరే. మొదట్లో నాకొచ్చిన తెలుగంతా ఇంతే: తాత ఓడలో వచ్చాడు, చెరకు నరికాడు, పోయాడు. తిరగరాసేకొద్దీ మాటలొచ్చాయి. వాటితోపాటు పని చేయించిన సర్దారు కొరడా, తాత వీపు మీది వాతలు కూడా వచ్చాయి. అమ్మకి చదివి వినిపిస్తే, "నాయన వీపు అట్టాగే ఉండేది, అమ్మీ" అంది.

ఇప్పుడు మీరేమో, మన తెలుగు సంఘం పెద్దలు నొచ్చుకుంటారు, సంఘం సంచికలో నేను మొదట రాసిందే వేద్దాం అంటున్నారు. సత్య కమిషన్ ముందు దేశమంతా పాత గాయాల గురించి నోరు విప్పుతుంటే నన్ను మూసుకోమంటారా? ఒప్పుకోను. బాగాలేదంటే చెప్పండి, ఇంకోసారి రాస్తాను. ఈసారి ఆ సర్దారు మన సంఘంలో ఎవరి తాతో కూడా రాస్తాను.

ఇట్లు,
మీరు రాయడం నేర్పిన శిష్యురాలు