అందరూ ఆడారు

సుశీలా,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. పిల్లలకి స్కిప్పింగ్ తాళ్లు ఇద్దామని, నువ్వు డ్రిల్ టీచరుగా చేసిన హైస్కూలుకి వెళ్లాను. నీ దగ్గర చదువుకున్న పద్మ ఇప్పుడు అక్కడ పీఈటీ.

మిర్చి కోతల రోజులు. సగంమంది ఆడపిల్లలు కాయలకి తొడిమలు తీసి, మండే చేతులతో బడికొస్తున్నారు. బంతి పట్టలేరు. అలాంటప్పుడు నువ్వు వాళ్లని కూర్చోబెట్టకుండా తొక్కుడుబిళ్ల ఆడించేదానివి.

"కప్పులు తెచ్చే టీముని తయారుచెయ్యండి మేడమ్. ఇదేం డ్రిల్లండీ?" అన్నారు అప్పటి హెడ్మాస్టరు, స్టాఫందరి ముందు. ఆ సాయంత్రం నువ్వు నాతో ఒక్కటే మాటన్నావు. "గెలవకపోతే పోనీండి, అందరూ ఆడుతున్నారు కదండీ."

ఇప్పుడు పైవాళ్లే ప్రతి పిల్లా రోజూ ఆడాలంటున్నారు. ఇవాళ తనిఖీకి వచ్చినాయన గ్రౌండులో గీసిన తొక్కుడుబిళ్ల గళ్లు చూసి, "ఇది ఏ ట్రైనింగులో నేర్పారమ్మా?" అని అడిగాడు.

"మా సుశీల మేడమ్ గారి ట్రైనింగండీ" అంది పద్మ.

గోడవారన ఒక పిల్ల ఎర్రబడ్డ అరచేతులు వెనక్కి దాచుకుని నిలబడింది. పద్మ చూసింది.

"ఏమే, చేతులు మండుతున్నాయా? సరే, చేతులకి సెలవు. కాళ్లకి ఇవ్వలేదుగా?"

అది నువ్వనే మాటే. ఆ పిల్ల నవ్వుకుంటూ గళ్లలోకి దూకింది. గోడవార ఇంకెవరూ మిగల్లేదు. నేను రెండుసార్లు చూశాను.

అందరూ ఆడారు, సుశీలా.