చిన్న మిషనే తీసుకోండి

ఏమండీ,

వింజమూరు బస్సుకు వేళైంది, మీరింకా పాలకేంద్రం నుంచి రాలేదు. పది గంటలకు జాకీర్ ఆత్మకూరు నుంచి గడ్డి కోసే బ్యాటరీ మిషన్లు రెండు ఆటోలో తెస్తాడు. సిమెంటు మీద తిప్పి చూపిస్తే ఒప్పుకోవద్దు, మన గడ్డి మీదే నడిపించి చూడండి. బ్యాటరీ ఊడదీసి ఇంట్లో చార్జింగ్ పెట్టుకునేలా ఉండాలి, పెరట్లో ప్లగ్గు లేదు.

తీసుకోవాల్సింది చిన్నది. "సారు ఎద్దు మాదిరి ఉండాడు గదమ్మా, పెద్దది నెట్టలేడా?" అన్నాడు జాకీర్ ఫోన్లో. మీ నడుం సంగతి అతనికేం తెలుసు! మొన్న పట్టేసినప్పుడు నాలుగు రోజులు మంచం దిగలేదు. చిన్నదైతే నేను కూడా నెట్టగలను.

మిషనెందుకు, కోటేశ్వర్ గొర్రెలను మళ్ళీ తోలిద్దాం అనకండి. పోయినసారి అవి గడ్డిని వదిలేసి నా కనకాంబరాలు మేసి పోయాయి.

ఆదివారం మీరు కొడవలి పట్టుకుని, గోడ ఆసరాతో పైకి లేవడం కిటికీలోంచి చూశాను. "ఏందండీ అది?" అంటే "తాళంచెవి పడిపోయినాది, వెతుకుతుండా" అన్నారు. పచ్చి అబద్ధం. తాళంచెవి నా కొంగుకే ఉంది.

కొడవలి దాచేశాను, వెతక్కండి. పప్పు పొయ్యి మీద ఉంది, వేడి చేసుకుని తినండి. చీకటి పడేలోగా వస్తాను.

మీ రేణుక

తా.క. మోకాళ్ళ డాక్టరు రోజూ గడ్డి మీద నడవమన్నది నన్ను. నా కోసం వంగి కోయమని మిమ్మల్ని అనలేదు.