కిటికీ పక్క సీటు

చిలకలపూడి,
మచిలీపట్నం.

కృపకు,

ప్రభువు పేరిట నీ బావ వందనాలు. ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమంగా ఉన్నాం. ప్రతిసారీ అలవాటు కొద్దీ రాసే మాటే ఇది, ఈసారి మాత్రం దేవుడికి కృతజ్ఞత చెప్పుకుని మరీ రాస్తున్నాను. మస్కట్‌లో నువ్వూ, నువ్వు చూసుకునే ఆ ముసలమ్మగారూ బాగున్నారని తలుస్తాను.

జెస్సీ అక్కడి నుంచి సెలవు మీద వస్తూ తెచ్చిన నీ ఉత్తరానికి ఇన్నాళ్లూ జవాబు రాయలేదు. ఇప్పుడు ఆమె తిరిగి వెళ్తోంది కాబట్టి ఆమె చేతికే ఇస్తున్నాను. నువ్వు అడిగినవాటిలో తేలికవి ముందు చెప్పేస్తాను. వంటింటి రేకు కారుతుంటే మా నగల షాపులో పనిచేసే మార్కు వచ్చి కొత్తది వేయించాడు. అత్త ఆడవాళ్ల కూటానికి మానకుండా వెళ్తోంది, అక్కడ ప్రార్థన కన్నా నీ కబుర్లే ఎక్కువ చెప్తోందని వినికిడి. పెళ్లిళ్ల రోజులు కదా, షాపులో హారాల పని ఊపిరాడకుండా ఉంది. నేను మాత్రం కొన్ని వారాలుగా వెళ్లడం లేదు. ఎందుకో కింద రాస్తాను, కంగారుపడి చివరి పేజీకి వెళ్లకు. సీరియల్లో కూడా చివర ఏమవుతుందో ముందే అడిగే మనిషివి నువ్వు.

మెసేజీలు తప్ప మాట లేదేమిటి, వీడియో కాల్ ఎందుకు ఎత్తవు అని రోజూ పెడుతున్నావు. నా గొంతు బొంగురుపోయింది. మెల్లగా వస్తుందన్నారు, వస్తోంది కూడా. అదీ కింద చెప్పబోయే సంగతిలోదే.

ఇక నువ్వు ఫోన్లో అడగలేక ఉత్తరంలో రాసిన ప్రశ్న. నువ్వు వెళ్లిన రోజు బందరు బస్టాండ్‌లో హైదరాబాద్ బస్సెక్కి కిటికీలోంచి, "బావా, ఒక్కసారి ఇటు చూడు" అన్నావు. నేను బస్సు చక్రం వైపే చూస్తూ నిలబడ్డాను. బస్సు కదిలినా తల ఎత్తలేదు. నువ్వు వెళ్లడం ఇష్టం లేక కోపమా, పెళ్లాం సంపాదన మీద బతకడం నామోషీనా అని అడిగావు. ఇన్నాళ్లూ ఆ బాధ కడుపులో పెట్టుకుని నాతో నవ్వుతూ మాట్లాడావంటే నాకు గుండె పిండేసినట్టయింది.

రెండూ కాదు కృపా. తల లేవలేదు. లేపుదామనే చూశాను.

రాళ్లు పొదిగేవాళ్లందరి మెడలూ కాస్త వంగే ఉంటాయి కాబట్టి నాదీ అంతేనని నువ్వు అనుకున్నావు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. తరవాత తరవాత నీ ముఖం చూసి మాట్లాడాలంటే గోడకి చేరగిలబడాల్సి వచ్చేది, లేకపోతే మంచం మీద ఒరగాల్సి వచ్చేది. నువ్వది బద్ధకమనుకుని తిట్టేదానివి. చెబితే ప్రయాణం మానేస్తావని తిట్లు తిన్నాను. నువ్వు వెళ్లాక దాచడం ఇంకా తేలికైంది. ఫోన్ ఒళ్లో పెట్టుకుని చూస్తే ఎవరి మెడైనా వంగే ఉంటుంది కదా.

మెడ ఎముకల మధ్య ఉండే మెత్తటి భాగం అరిగిపోయి, ఎముకలు ముందుకి ఒరిగి, గడ్డం ఛాతీకి ఆనే దాకా వచ్చింది. లోపల నరం నొక్కుకుని వేళ్లు తిమ్మిరెక్కేవి, పట్టకారు జారిపోయేది. ఆపరేషన్ చేసి మెడ నిలబెట్టొచ్చు, తేడా వస్తే కాళ్లూ చేతులూ పడిపోవచ్చు అని విజయవాడ డాక్టర్ గారు దాచకుండా చెప్పారు. నువ్వు అక్కడ ముసలమ్మగారిని ఎత్తి దించుతున్నావు, ఇంటికొచ్చి నన్నూ ఎత్తి దించాలా అని భయపడి వాయిదా వేస్తూ వచ్చాను. నీ ఉత్తరం ఒళ్లో పెట్టుకుని చదివిన మర్నాడే, నన్ను విజయవాడ తీసుకెళ్లమని మార్కుని అడిగాను.

నీకు చెప్పొద్దని అత్తని బతిమాలాను. "నా అంతట నేను చెప్పన్రా. అది అడిగిందంటే మాత్రం దాచను" అంది. నువ్వు ఆమెని అడిగిందల్లా ఎండు రొయ్యలు ఎప్పుడు పంపుతావనే.

ఆపరేషన్ అయింది. మెడని ముందు గొంతు వైపు నుంచీ వెనక నుంచీ కోసి, ఎముకలు సరిచేసి, కడ్డీలు బిగించారు. మెలకువ వచ్చాక డాక్టర్ గారు వేళ్లు కదపమన్నారు. కదిలాయి. కాళ్లూ కదిలాయి. ఏడ్చేశాను, అందుకు సిగ్గుపడటం లేదు.

నన్ను లేపి కూర్చోబెట్టినప్పుడు ఎదురుగా అత్త ఉంది. ఇన్నాళ్లూ నాకు ఆమె పాదాలూ, చీర అంచూ, గ్లాసు పట్టుకున్న చెయ్యే తెలుసు. ముఖం చూద్దును కదా, నుదుటి మీద జుట్టంతా తెల్లబడిపోయింది. నేను చూస్తూనే ఉన్నాను. ఆమె దగ్గరికొచ్చి నా చెంప మీద చెయ్యి వేసి, "నీ కళ్లు అచ్చం మా అన్నయ్యవేరా. చూసి ఎన్నాళ్లయిందో" అంది. మా నాన్న పోయాక ఆమె అలా ఏడవడం నేను చూడలేదు. మెతుకు మింగుడుపడని రోజుల్లో చెంచాతో గంజి పోసి నన్ను మనిషిని చేసింది మీ అమ్మే. ఆమె రుణం నేను తీర్చుకోలేను.

ఇప్పుడు మెడకి పట్టీ ఉంది. కొన్నాళ్లకి తీసేస్తారు. మెడ మాత్రం ఇక వంగదు. కంచం కాస్త ఎత్తులో పెడితేనే కనిపిస్తుంది. నువ్వు అన్నదానికల్లా తలూపి తప్పించుకోవడం కుదరదు, నోరు తెరిచి చెప్పాల్సిందే. ప్రార్థనలో అందరూ తల వంచితే నేనొక్కడినే నిటారుగా కూర్చుంటున్నాను. దేవుడేమీ అనుకోడని అత్త తేల్చేసింది. మార్కు నా కోసం ఎత్తు బల్ల చేయిస్తున్నాడు, హారం కళ్లకెదురుగా పెట్టుకుని పొదగొచ్చట. వేళ్ల తిమ్మిరి ఇంకా పూర్తిగా పోలేదు కాబట్టి పని కుదురుతుందో లేదో చెప్పలేను. కుదరకపోయినా ఫరవాలేదనిపించేంత సంతోషంగా ఉన్నాను.

నీకు చెప్పకుండా ఇంత పని చేసినందుకు తిట్టు. ఫోన్ చేసి తిట్టు, ఎదురు చెప్పడానికి గొంతు ఎలాగూ లేదు.

కాంట్రాక్టు అయిపోగానే వచ్చేస్తానన్నావు. హైదరాబాద్‌లో బందరు బస్సెక్కేటప్పుడు కిటికీ పక్క సీటు అడుగు. బస్సు బస్టాండ్‌లోకి తిరిగేసరికి నేను అదే చోట నిలబడి ఉంటాను. ఈసారి నువ్వు పిలవక్కర్లేదు.

ఇట్లు,
నీ బావ
విల్సన్