లైన్లో ఉండమ్మా

చిరంజీవి పిచ్చుకకు,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ నాన్నా బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు వేళకు తింటూ, కంటినిండా నిద్రపోతూ ఉన్నావనే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. పోస్టుమాన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకా ఉత్తరాలు రాసేవాళ్ళున్నారా అమ్మా? నా సంచీలో బిల్లులు తప్ప ఏమీ ఉండవు" అన్నాడు. "మా అమ్మాయికి కోపం వచ్చింది, అందుకే రాసింది" అన్నాను. "ఫోనైతే తీయవు, కాగితమైతే ఎక్కడికి పోతావు" అని మొదటి వాక్యంలోనే కడిగేశావు కదా. ఎక్కడికీ పోలేదు. పనికి వెళ్ళే ముందు చదివాను, వచ్చాక మళ్ళీ చదివాను.

ముందు నువ్వు అడిగినవి చెప్పేస్తాను. నాన్న నడుంనొప్పి తగ్గిందట. తగ్గిందని ఆయనే అంటున్నాడు. సోఫాకు బట్ట బిగిస్తూ మూలిగితే, ఏమైందని నేను అడిగితే, "నేను కాదు, సోఫా మూలిగింది" అంటాడు. నీ గదిని గోదాం చేశారా అని అడిగావు. చేశాం. స్పాంజి దిమ్మలన్నీ నీ మంచం మీదే ఉన్నాయి. నువ్వు వస్తున్నానంటే ఒక్క పూటలో ఖాళీ చేస్తాం, అలగకు. వీడియోలో నా వేళ్ళు చూసి ఎందుకలా పగిలాయన్నావు. చలికి అన్నాను. చలి కాదు. ఆ సంగతికి వస్తాను.

ఇక అసలు ప్రశ్న. ఆదివారం పూట బాగా పనిచేసే నా ఫోను స్పీకరు, మిగతా రోజుల్లో నువ్వు ఫోను చేసే సాయంత్రం వేళకే ఎందుకు పాడవుతోందని అడిగావు. నేనేమైనా తప్పు చేశానా అమ్మా అని కూడా రాశావు. ఆ మాట దగ్గర కాగితం మడిచి పక్కన పెట్టేశాను. నువ్వేమీ చేయలేదు తల్లీ. ఫోన్లో చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. నీ గొంతు వినగానే "ఏం తిన్నావు" అని అడిగి ఊరుకుంటున్నాను. నువ్వు కాగితం మీద అడిగావు కాబట్టి కాగితం మీదే చెబుతాను. నిలబడి చదవకు, కూర్చో.

నువ్వు ఆ పళ్ళసెట్ల ల్యాబులో చేరిన కొత్తల్లో, పని అయ్యాక మూసేసిన గోదాముల వెనక సందులోంచి గదికి నడవాలని, అక్కడ వీధిదీపం వెలగదని చెప్పావు. "భయమేం లేదులే అమ్మా, ఊరికే లైన్లో ఉండు" అన్నావు. ఆ "ఊరికే"లో ఎంత భయముందో నాకు తెలియదా? అప్పటినుంచి రోజూ ఆ వేళకు ఫోను. ఖాళీగా ఉన్నావా అని అడిగేదానివి. ఖాళీయే, చెప్పు అనేదాన్ని.

ఒక్క రోజు కూడా ఖాళీగా లేను పిచ్చుకా. అది నా సాయంత్రం ట్రిప్పు. బస్సు నిండా జనం, నేను స్టీరింగు ముందు. దుమ్ము పడకుండా తలకు చుట్టుకునే గుడ్డ కింద, ఒక చెవిలో ఇయర్‌ఫోను దోపుకుని నీతో మాట్లాడేదాన్ని. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి, చెవి ఒకటి పిల్లకిస్తే ఏం పోయిందిలే అనుకున్నాను. మా కండక్టరు, అదే, ఎవరేమిచ్చినా చిల్లర లేదనే మన చిల్లర మామయ్య, ఒకసారి కనిపెట్టి, "వద్దమ్మా, మనది మనుషుల్ని మోసే బండి" అన్నాడు. అమ్మాయి ఒంటరిగా నడుస్తోంది అన్నయ్యా అన్నాను. ఆయనకూ ఆడపిల్లలున్నారు. టిక్కెట్లు కొట్టడానికి వెనక్కి వెళ్ళిపోయాడు.

మనం ఆఖరిసారి అలా మాట్లాడుకున్న రోజు నువ్వు ఎవరిదో పళ్ళసెట్టు ఇంకెవరికో వెళ్ళిపోయిన కథ చెబుతున్నావు. ఆయన దాన్ని పెట్టుకుని పెళ్ళిచూపులకు వెళ్ళాడన్నావు చూడు, అక్కడ నాకు నవ్వు ఆగలేదు. లైబ్రరీ స్టాపులో బస్సు ఆగి ఉంది. నవ్వుతూనే గేరు వేశాను. వెనక తలుపు దగ్గర ఇంకా మనిషి దిగుతున్నాడని మామయ్య ఆపమని గంట కొట్టాడట. నాకు వినపడలేదు. అద్దంలోకి చూడలేదు. జనం బస్సు రేకు మీద దబదబా బాదుతుంటే అప్పుడు తొక్కాను బ్రేకు.

దిగుతున్నది డ్రాయింగు మాస్టారు. పిల్లలకు బొమ్మలు నేర్పి రిటైరైన మనిషి. రోజూ నా బస్సులోనే లైబ్రరీకి వస్తాడు. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద ఉండగా బస్సు కదిలింది. తుంటి ఎముక విరిగింది. నేను పరుగున వెనక్కి వెళ్ళేసరికి నేల మీద పడి, "కంగారుపడకమ్మా" అని నాకే ధైర్యం చెబుతున్నాడు.

మామయ్య నన్ను పక్కకు లాగాడు. "ఆ వైరు తీసి లోపల పెట్టు. పెద్దాయన తొందరపడి దిగాడని చెబుదాం. ఎవరూ అడగరు" అన్నాడు. నన్ను కాపాడదామనే అన్నాడు పాపం. నేను వైరు తీసి జేబులో పెట్టుకున్నాను. అడిగినవాళ్ళందరికీ అదే చెప్పాను.

మర్నాడు ఆసుపత్రికి వెళ్తే, వచ్చినవాళ్ళతో మాస్టారు అంటున్నాడు: "డ్రైవరమ్మది తప్పేం లేదు. ఈ వయసులో నాకెందుకంత తొందర? నాదే పొరపాటు." తన ఎముక విరిగి, తప్పు కూడా తనదేననుకుంటున్నాడు. నేను చెప్పిన అబద్ధాన్ని ఆయన నిజమని నమ్మేశాడు. గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశాను. ఇంటికొచ్చి నాన్నతో చెప్పాను. ఆయన చేతిలో కత్తెర పక్కన పెట్టి, "నీకు ఏం చేయాలో తెలుసు కదా, నన్నెందుకు అడుగుతావు" అన్నాడు.

డిపో మేనేజరు దగ్గరకెళ్ళి చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. "అంతా సర్దుకుపోయింది కదమ్మా, ఇప్పుడెందుకు చెప్పావు?" అన్నాడు. స్టీరింగు ముందు నుంచి దింపేశారు. విచారణ తేలేదాకా యార్డులో బస్సులు కడుగుతున్నాను, వెనక్కి తీసే బండ్లకు దారి చూపిస్తున్నాను. నా వేళ్ళ సంగతి అదీ. మళ్ళీ బస్సు ఇస్తారో లేదో తెలియదు. ఇవ్వకపోతే అడిగే మొహం నాకు లేదు. ఒళ్ళు అలిసిపోతోంది, అది పడుకుంటే తగ్గుతుంది. ఇంకో అలుపుంది, అది పడుకున్నా తగ్గడం లేదు.

యార్డులో నిలబడ్డాక ఇంకోటి తెలిసింది. బస్సు వెనక్కి వస్తుంటే నేను గొంతు చించుకుని అరుస్తాను. యార్డులోంచి అడ్డంగా పోయే పిల్లలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్లోకి తల దించుకుని, నవ్వుకుంటూ చక్రాల దగ్గరికే నడిచి వస్తారు. భుజం పట్టి లాగితే నా మీదే విసుక్కుంటారు. వాళ్ళను చూస్తుంటే నువ్వే గుర్తొస్తావు. నేను లైన్లో ఉంటే నీకు కాపలా ఉన్నట్టే అనుకున్నాను. ఆ సందులో నీ వెనక ఎవరైనా నడిచి వస్తే, నా కబుర్లలో పడి ఆ అడుగుల చప్పుడు నీకెలా వినిపిస్తుంది? వినిపించినా, ఇంత దూరాన ఉన్న నేనేం చేయగలను?

అందుకని ఇలా చేద్దాం. ఆ సందు మానెయ్. దూరమైనా దుకాణాల వీధిలోంచి వెళ్ళు. మీ ల్యాబులో ఆ వైపే వెళ్ళే అక్క ఉందన్నావు కదా, మొహమాటపడకుండా ఆవిడ కోసం ఆగు. నడిచేటప్పుడు ఫోను చేతిలో వద్దు, సంచీలో పెట్టు. చెవులు రెండూ నీ దగ్గరే ఉంచుకో. బయలుదేరేటప్పుడు ఒక మాట, తలుపు గడియ పెట్టాక ఒక మాట నాన్నకు చెప్పు చాలు. ఆయనకు కబుర్లు రావని నీకు తెలుసు. "ఊ" అంటాడు. ఆ వేళకు పని ఆపేసి, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటానన్నాడు.

ఇదంతా చదివి, నా ఫోను వల్లే కదా అని ఏడవకు. నువ్వు ఖాళీయా అని అడిగావు. ఖాళీ అన్నది నేను.

నిన్న మాస్టారు ఇంటికి వెళ్ళాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కోడలు నన్ను కూర్చోమని కూడా అనలేదు. "మీరు నవ్వుకుంటూ కబుర్లు చెప్పుకోండి. ఈయన్ని బాత్‌రూముకు మోసుకెళ్ళేది నేను" అంది. అన్న ప్రతి మాటకూ ఆమెకు హక్కుంది. తల వంచుకుని నిలబడ్డాను. మాస్టారు మంచం మీద పడుకుని కిటికీ వైపు చూస్తున్నాడు. నాతో మాట్లాడడేమో అనుకున్నాను. ఇటు తిరిగి, "ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?" అని అడిగాడు.

"మా అమ్మాయితో మాస్టారూ. చీకటి సందులో నడుస్తుంటే తోడుగా..."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. క్షమిస్తానని అనలేదు, క్షమించనని అనలేదు.

"మరి ఆ రోజు క్షేమంగా ఇంటికి చేరిందా?" అన్నాడు.

పిచ్చుకా, నాకు తెలియదు. మాస్టారు పడ్డాక వైరు లాగేశాను. జేబులో ఫోను మోగుతూనే ఉంది, మోగి మోగి ఆగిపోయింది. తర్వాతెప్పుడో సిగ్నల్ లేదు, పడుకో అని మెసేజి పెట్టాను. చేరావా అని అడగలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు.

సందు మధ్యలో నా మాట ఆగిపోయాక, మిగతా దూరం ఎలా నడిచావమ్మా? నాకు రాయి.

ఇట్లు,
నీ జవాబు కోసం చూస్తూ,
అమ్మ