బొత్తాం పట్టేదాకా

జూన్ 3

నా డిక్షనరీ తల్లికి,

ఈ రోజు మొదటి వింత: ఏడాది తర్వాత యూనిఫామ్ చొక్కా తొడుక్కుని ఊపిరి పీల్చానో లేదో, బొత్తాం ఎగిరి మీ నాన్న టీ కప్పులో పడింది. ఆయన చెంచాతో తీసి, "చక్కెర సరిగ్గా కరగలేదు" అన్నారు. నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళొచ్చాయి. అన్నీ నవ్వువల్ల వచ్చినవి కావులే.

రొమ్ము క్యాన్సర్ వైద్యం ముగిసింది, ఒళ్ళు మాత్రం బరువెక్కింది. పక్కింటావిడ "ఒళ్ళు చేశావు, కోలుకున్నావన్నమాట!" అని సంబరపడింది. ఈ జబ్బు చేసినవాళ్ళు ఇలా పెరగడం మంచిది కాదని డాక్టరమ్మ అంది. బరువు తగ్గి, ఎడమ చెయ్యి బాగా తిరిగితేనే బస్సు ఇస్తామని డిపోలోనూ చెప్పారు. స్టీరింగ్ పట్టకుండా ఇంట్లో కూర్చోవడం నావల్ల కాదే. ఇక నుంచి కంచంలో సగం కూరగాయలు, మిగతా సగంలో పప్పో గుడ్డో, కాస్త అన్నం. రోజూ చురుగ్గా నడక, చేతికి వ్యాయామం. వంట మీ నాన్నదే. రాత్రిపూట కూరగాయల సూప్ భలే కమ్మగా చేస్తున్నారు.

నీ డ్రైవరమ్మ

జూన్ 12

ప్రియమైన డ్రైవరమ్మకి,

ఫోన్లో అయితే "బాగానే ఉన్నా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరాలు రాయమన్నా. చేత్తో అబద్ధం రాయాలంటే వేళ్ళు మొరాయిస్తాయి!

నువ్వు నడిచే వేళకే నేనూ హాస్టల్ చుట్టూ నడుస్తున్నా. తొందరగా తగ్గాలంటే రాత్రి తిండి మానెయ్. మా గదిలో అందరూ అదే చేస్తారు.

నీ నడక నేస్తం

జూలై 20

నా డిక్షనరీ తల్లికి,

అన్నీ తెలిసిన డిక్షనరీవి కదా అని నీ సలహా విని రాత్రిళ్ళు పస్తులున్నా. మెట్లమీద కళ్ళు తిరిగాయి. ఆసుపత్రిలో ఆహారం గురించి చెప్పే మేడమ్ నన్ను కడిగేసింది. "కడుపు మాడిస్తే కండ కూడా పోతుంది. మరి బస్సు దేంతో తిప్పుతారు?" అంది. మళ్ళీ సూప్ దగ్గరికే వచ్చా.

చెయ్యి ఇప్పుడు అలమర పై అరకి అందుతోంది. కాటా మాత్రం కదలనంటోంది. నేనూ ఆగనంటున్నా. వానొస్తే ఇంట్లో మెట్లే ఎక్కి దిగుతున్నా. మీ నాన్న "ఎందుకే ఇంత కష్టం, ఇలాగే బాగున్నావుగా" అంటారు.

నీ మొండి అమ్మ

జూలై 29

అమ్మా, నా బంగారమ్మా,

తెలియకుండా సలహా ఇచ్చా, తప్పు నాదే. ఒక్కటి అడగనా? నువ్వు చెప్పిన సూప్ ఇక్కడ నేనూ కాచా. ఒట్టి నీళ్ళలా ఉంది. మరి నీది అంత కమ్మగా ఎందుకుంటోంది? నాన్న వండేటప్పుడు ఒకసారి వంటింట్లోకి తొంగిచూడు.

నీ అనుమానాల పుట్ట

ఆగస్టు 8

నా డిటెక్టివ్ తల్లికి,

తొంగిచూశా. సూప్‌లో గరిటెడు వెన్న వేస్తున్నారు! "ఏంటండీ ఇది?" అన్నా. ఆయన గరిటె వెనక్కి దాచుకున్నారు, చిన్నపిల్లాడిలా.

"జబ్బు మొదట్లో నువ్వు చిక్కిపోతుంటే రోజూ చూశాను. మళ్ళీ చిక్కితే... అది తిరిగొచ్చిందనుకోనా?"

కోపం ఎటు పోయిందో తెలీదు. అయినా వదల్లేదు. మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళా. "జబ్బుతో చిక్కడం వేరు, తిండీ నడకా సరిచేసుకుని మెల్లగా తగ్గడం వేరు. పరీక్షలు మేం చూస్తూనే ఉంటాం. మీరు ఆవిడ పక్కన నడవండి, చాలు" అంది ఆయనతో.

ఇంటికొచ్చి ఆయనే సూది తెచ్చి బొత్తాం కుట్టారు. ఇంకా పట్టడం లేదు, పడుతుంది.

ఆయన బూట్లు నా బూట్ల పక్కన పెట్టేశా. రేపు పొద్దున్నే ఇద్దరం డిపో దాకా నడుస్తాం. ఆగి ఉన్న బస్సెక్కి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి చూస్తా.

నీ డ్రైవరమ్మ