ఈశాన్యంలో వంటిల్లు

4 జూన్ 2007, సోమవారం
ఇళ్ళ ప్లాన్లు గీసే మా సార్ తేల్చి చెప్పేశారు. పినపాకలో రాజయ్య గారు కట్టుకునే ఇంటి బొమ్మ నాదే. ఆయనా, ఆయన భార్యా ఇద్దరూ సరేనంటే ఇక ఆఫీసులో బొమ్మలన్నీ నావి. లేదంటే మళ్ళీ ఎస్టిమేట్లు టైపు కొట్టుకోవడమే. కంప్యూటర్ ఇచ్చిన 3డి చూస్తే కొత్తగా సున్నం కొట్టి తాళం వేసిన గది లాగుంది. ఆకాశం లేదు, చెట్టు లేదు, మనిషి లేడు. ఫోటోషాప్‌లో అన్నీ నేనే పెట్టాలి. భయం లేదు... కొంచెం ఉంది.

5 జూన్
బొమ్మల్లో అతికించడానికి ఆఫీసులో ఉన్న సీడీలో చెట్లన్నీ మంచు దేశాలవి. మనుషులంతా కోట్లు తొడుక్కున్నారు. పినపాక ఎండలో కోటు వేసుకుంటే మనిషి మిగులుతాడా? ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

6 జూన్
ఆఫీసు కెమెరా పట్టుకుని పినపాక బస్సెక్కాను. స్థలం చుట్టూ టేకు చెట్లు, నల్లమబ్బు, ఆగి ఉన్న ఆటో, ఒక కోడి — అన్నీ ఫోటోల్లో తెచ్చుకున్నాను. మహా సంతోషంగా ఉంది.

7 జూన్
కోడి కాళ్ళ చుట్టూ కత్తిరించడానికే గంట.

8 జూన్
అయిపోయింది. బరువంతా ఎడమ పక్కకే ఉన్నట్టు అనిపిస్తే, బొమ్మ మొత్తాన్ని అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తిప్పేశాను. ఒక్క నొక్కు — అబ్బ, ఎంత బాగా కుదిరిందో. సార్ వైరా సైటులో ఉన్నారు. అడగలేదు. ప్రింటు తీసి లామినేషన్ కూడా చేయించాను.

11 జూన్, సోమవారం
కొంప మునిగింది. రాజయ్య గారు, కమలమ్మ గారు వచ్చారు. ఆయన బొమ్మ చేతిలోకి తీసుకుని వంటింటి కిటికీ మీద వేలు పెట్టారు. తర్వాత మెల్లగా — "ఏంది బిడ్డా, వంటిల్లు ఈశాన్యంల వెట్టినవ్? బోరు ఆగ్నేయానికి వాయె."
సార్ ముఖం నా వైపు తిరిగింది. తిప్పింది నేనే, అందం కోసం తిప్పాను అని చెప్పేశాను. దిక్కుల సంగతి తట్టనే లేదు.
రాజయ్య గారు కోప్పడలేదు. "ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల దిక్కు తెల్వకుంట పనిజేసిన. పైన కట్టుకునే ఇల్లన్న దిక్కు తప్పొద్దు గద."
సిగ్గుతో చచ్చాను. ఇంతలో కమలమ్మ గారు — "నాకైతే గిట్లనే బాగుంది. ఉత్తరం దిక్కు మా అక్క ఇల్లు. గంటె తిప్పుకుంట మాట్లాడుకోవచ్చు." ఆయన ససేమిరా అన్నారు. ఆమె బొమ్మను కొంగుతో తుడిచి బల్ల మీద పెట్టి, మూతి ముడుచుకుని వెళ్ళిపోయారు.

12 జూన్
మళ్ళీ తిప్పేశాను. దిక్కులన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ కమలమ్మ గారి ముడుచుకున్న మూతే కళ్ళ ముందు. ఇద్దరూ సరేననాలి కదా... ఒక్కరితో సరిపోదు.

13 జూన్
ఒక పని చేశాను. ఉత్తరం గోడ పక్కన, ఆమె అక్క ఇంటి వైపు, చిన్న అరుగు పెట్టాను. మీద టేకు నీడ. ఎండ గళ్ళు గళ్ళుగా పడుతోంది. బొమ్మలన్నిటిలో ఇదే నాకు ఎక్కువ నచ్చింది.
సార్‌కి రెండు ప్రింట్లూ చూపించాను — అరుగుతో ఒకటి, లేకుండా ఒకటి. "ప్లాను గీసేది నేనా, నువ్వా?" అన్నారు. ఆయన రెండూ సంచీలో పెట్టుకున్నారు.

14 జూన్
సార్ పొద్దున్నే పినపాక వెళ్ళారు. టైపు మిషన్ మీద దుమ్ము తుడిచి కూర్చున్నాను, అలవాటు చేసుకుందామని.
పదకొండింటికి ఫోను. సార్ అనుకున్నాను, కమలమ్మ గారు.
"బిడ్డా, గా అరుగు మీద ఇద్దరం పడతమా? మా అక్క జర లావు."
వెనక నుంచి రాజయ్య గారి గొంతు — "ఇద్దరు పడితేనే కట్టిస్త. లేకుంటే ఉత్తగ ఇటుక దండుగ."
తర్వాత సార్. "చెప్పు మరి. పెట్టింది నువ్వే కదా."
కొలిచి చెప్తానన్నాను. నవ్వు ఆగలేదు. ప్లాను మీద ఉత్తరం గోడ పక్కన అరుగుకి ఉన్న చోటును స్కేలు పెట్టి మూడుసార్లు కొలిచాను. ఎటు చూసినా నాలుగడుగుల మూడంగుళాలు.
ఆమె అక్కను నేనింకా చూడలేదు.